బ్రిటిష్ అశ్వికదళ రెజిమెంటు చరిత్రను వెతకడం ఎలా: 19వ లైట్ డ్రాగూన్ల ఉదాహరణ

బ్రిటిష్ సైన్యానికి చెందిన ఒక అశ్వికదళ రెజిమెంటు మన దేశంలో ఎక్కడ మకాం వేసింది, ఎవరితో పోరాడింది, ఎవరి శ్రమ మీద నడిచింది అని తెలుసుకోదలచినవారు సాధారణంగా ఆ రెజిమెంటు పేరుతో అచ్చయిన చరిత్రను సంపాదించి మొదటి పుట నుండి చదవడం ప్రారంభిస్తారు. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని. రెజిమెంటు చరిత్రలను ఎక్కువగా ఆ రెజిమెంటులోనే కొలువు చేసినవారు, తమ భోజనశాల గోడకు వేలాడే పతాకాల గౌరవం నిలిచేలా రాసుకున్నారు. ముందుగా మీరు సొంతంగా ఒక చిట్టా తయారు చేసుకుని, ఆ తరువాత ఆ గ్రంథాన్ని తెరిస్తే, అందులో ఏది చెప్పారో, ఏది దాటవేశారో మీకే కనిపిస్తుంది. ఆ చిట్టా తయారీని 1782 నుండి దాదాపు పాతికేళ్లు మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న 19వ లైట్ డ్రాగూన్ల (తేలికపాటి గుర్రపు దళం) ఉదాహరణతో వివరిస్తాను.

మొదటి జాగ్రత్త సంఖ్య విషయంలో. పందొమ్మిది అన్న అంకెను పట్టుకుని వెతికితే ఒకే పేరు కింద ఒకరికొకరు సంబంధం లేని దళాలు ఎదురవుతాయి. 1759లో ఐర్లండులో 19వ లైట్ డ్రాగూన్లుగా ఏర్పడిన దళం 1763లో 18వదిగా మారింది. 1779లో అదే సంఖ్యతో పుట్టిన మరొక దళాన్ని 1783లో రద్దు చేశారు. మనకు కావలసిన దళం 1781లో సర్ జాన్ బర్గోయిన్ ఆధ్వర్యంలో భారతదేశ సేవ కోసమే ఏర్పడింది. అప్పుడు దాని సంఖ్య 23. అది 1786లో 19గా మారింది. కాబట్టి 1782 నుండి 1786 వరకు గల కాగితాలలో 19 కోసం వెతికితే ఈ దళం గురించి మీకు ఏమీ దొరకదు. అది ఈ దేశంలో అడుగుపెట్టిన మొదటి బ్రిటిష్ రాజాశ్వికదళం కనుక ఆ తొలి నాలుగేళ్ల కాగితాలను వదులుకోవడం పెద్ద నష్టం. తరువాత లాన్సర్లుగా (బల్లెం పట్టిన రౌతులుగా) మారిన ఈ దళం 1821లో రద్దయింది. ఆ తరువాత 1858లో ఈస్టిండియా కంపెనీ సమకూర్చుకున్న 1వ బెంగాల్ యూరోపియన్ లైట్ కావల్రీ, రాణి సైన్యంలో కలిసినప్పుడు 19వ హుస్సార్లుగా (ఇదీ తేలికపాటి గుర్రపు దళమే) మారి, రద్దయిన పాత దళపు యుద్ధగౌరవాలను, అంటే పతాకం మీద రాసుకునే యుద్ధాల పేర్లను కూడా వారసత్వంగా పొందింది. ఈ రెండింటి నడుమ ఒక్క సైనికుడైనా ఉమ్మడి కాడు. పతాకం మీద రాసి ఉన్నంత మాత్రాన ఆ యుద్ధంలో ఆ దళమే పోరాడిందని అనుకోరాదనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం అక్కరలేదు. మీ చిట్టాలో సంవత్సరానికి ఒక వరుస గీసి, మొదటి గడిలో ఆ ఏడాది దళానికి ఉన్న సంఖ్యను రాసుకోండి.

రెండవ గడిలో ఆ దళం ఎవరి సైన్యానికి చెందినదో రాయాలి. అప్పట్లో ఇక్కడ మూడు రకాల గుర్రపు దళాలు ఉండేవి: లండన్ నుండి వచ్చిన రాజు దళాలు, దేశీయ రౌతులతో కంపెనీ నడిపిన నేటివ్ కావల్రీ, కొంత కాలం తరువాత కంపెనీ సమకూర్చుకున్న యూరోపియన్ దళాలు. రాజు దళమైతే మనుషుల లెక్కలు లండన్ యుద్ధశాఖకు వెళ్లేవి. కదలికలు, కొనుగోళ్లు, రవాణా మొదలైనవి కంపెనీ మద్రాసు ప్రభుత్వపు కాగితాలలో మిగిలాయి. అంటే ఒకే దళానికి రెండు చోట్ల వెతకాలి. యుద్ధశాఖ కాగితాలు లండన్ శివార్లలోని క్యూలో గల నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, కంపెనీ కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలోనూ, మన చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. ఇక్కడ తెలుగువారికి ఒక హెచ్చరిక: ఉత్తరాది కాగితాలలో ‘తిలంగా’ అన్న మాట కనబడితే అది తెలుగువాడని కాదు, కంపెనీ సిపాయిని, ఏ ప్రాంతంవాడైనా సరే, అలా పిలిచేవారు.

చిట్టాకు వెన్నెముక వంటివి మస్టర్ రోళ్లు, అంటే ఎప్పటికప్పుడు తల లెక్కపెట్టి జీతాల కోసం రాసిన హాజరు పట్టీలు. క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇవి డబ్ల్యూ.ఓ. (యుద్ధశాఖ) 12 అనే శ్రేణిలో ఉన్నాయి. వాటిలో ప్రతి మనిషి పేరు, హోదా, ఆ గడువులో అతడు కొలువులో ఉన్నాడా, ఆసుపత్రిలో ఉన్నాడా, చనిపోయాడా అన్నవి ఉంటాయి. యుద్ధవర్ణనలో ఒక్క వాక్యంలో దాటిపోయే జ్వరాలు, ఎండదెబ్బలు ఈ పట్టీలలో ఒక్కొక్క పేరుగా తేలతాయి. దీనికి తోడు కంపెనీ చర్చి రిజిస్టర్లు చూడాలి. బ్రిటిష్ లైబ్రరీలో ఎన్ 2 శ్రేణి మద్రాసు రాజధానికి సంబంధించినది. అందులో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదయ్యాయి.

మకాం పేర్లు మరొక చిక్కు. పాత ఇంగ్లీషు స్పెల్లింగులను పెద్దగా చదివి చెవితో పోల్చుకోవడం తప్ప వేరే దారి లేదు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, మసూలిపటం అంటే మచిలీపట్నం అని మనకు సులువుగానే తడుతుంది గాని, సరైన పేరు కూడా మోసం చేసే సందర్భాలు ఉన్నాయి. ఈ దళం ‘ఆర్కాట్’లో ఉందని కాగితాలు చెబుతాయి, కాని ఆర్కాటు గుర్రపుదండు మకాం పాలారు నదికి అవతలి ఒడ్డున ఉన్న రాణిపేటలో ఉండేది. ఆర్కాటు ఊళ్లో బారకాసుల ఆనవాళ్లు వెతుకుతూ ఒక పూట పోగొట్టుకున్న తరువాతే నాకు ఈ సంగతి బోధపడింది. ఆ పొరపాటు మీరు చేయకండి.

మకాముల వరుస పూర్తయ్యాక యుద్ధాలను దాని మీద అమర్చండి. మైసూరు మీద 1790–92లోనూ, 1799లోనూ జరిగిన దండయాత్రలలో దళాధికారి జాన్ ఫ్లాయిడ్ పేరుతో ఈ దళం కనిపిస్తుంది. అవి అందరూ రాసినవే కనుక త్వరగా దాటవచ్చు. తెలుగు పాఠకులు నిలిచి చూడవలసింది 1800 సెప్టెంబరు 10న రాయచూరు దోఆబ్‌లోని కోణగల్ దగ్గర జరిగిన పోరాటం. శ్రీరంగపట్నం చెర నుండి బయటపడి సొంత సైన్యం కూడగట్టుకున్న ధోండియా వాఘ్‌ను తరుముతూ బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ తుంగభద్ర, కృష్ణల నడుమనున్న నిజాం భూములలోకి వచ్చాడు. ఆనాడు అతని చేతిలో ఉన్నవి నాలుగు గుర్రపు దళాలు మాత్రమే: 19వ, 25వ లైట్ డ్రాగూన్లు, మద్రాసు నేటివ్ కావల్రీ 1వ, 2వ దళాలు. నాలుగింటినీ ఒకే వరుసగా నిలిపి తానే ముందుండి దాడి చేయగా ధోండియా అక్కడే మరణించాడు. రెజిమెంటు చరిత్ర చదివేటప్పుడు ఆ వరుసలో సగం మంది దేశీయ రౌతులని గుర్తుంచుకుంటే, విజయాన్ని ఎవరి ఖాతాలో వేశారో పరిశీలించడం సులభమవుతుంది. 1803 సెప్టెంబరు 23న మరాఠాలతో జరిగిన అస్సాయే యుద్ధంలోనూ అంతే. 19వ దళపు అధికారి ప్యాట్రిక్ మాక్స్‌వెల్ అక్కడ ప్రాణం కోల్పోయాడు, దళానికి ఏనుగు చిహ్నం దక్కింది. పక్కనే 4, 5, 7 నేటివ్ కావల్రీ దళాలు ఉన్నాయి.

వేలూరు ఘట్టానికి వచ్చేసరికి మరింత ఓపిక కావాలి. కొత్త తలపాగా, గడ్డాల మీద ఆంక్షలు, నుదుటి బొట్టు, నామాల నిషేధం వంటి ఉత్తరువులు రేపిన కోపం 1806 జూలై 10 తెల్లవారుజామున కోటలో తిరుగుబాటుగా పేలింది. టిప్పు కుమారులు ఆ కోటలోనే బందీలుగా ఉన్నారు. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఆర్కాటు మకాములో ఉన్న దళాధికారి రాబర్ట్ రోలో గిలెస్పీ, కబురు అందగానే 19వ డ్రాగూన్ల స్క్వాడ్రనుతో (దళంలో ఒక భాగంతో) బయలుదేరాడు. తాడు పట్టుకుని గోడ ఎక్కాడు. వెనుక నుండి వచ్చిన చిన్న ఫిరంగులు తలుపులు బద్దలు కొట్టాయి. ఇంతవరకు కథ ఉత్సాహంగా సాగుతుంది. తలుపులు తెరుచుకున్న తరువాత జరిగింది కూడా అంతే శ్రద్ధగా చదవాలి: రాజభవనంలో తలదాచుకున్న సుమారు వంద మంది సిపాయిలను బయటకు ఈడ్చుకొచ్చి గోడ దగ్గర నిలబెట్టి కాల్చారని కంపెనీ పక్షాన ఉన్న అధికారి ఒకరు స్వయంగా రాశారు. మృతుల సంఖ్య ఒక్కో కథనంలో ఒక్కో విధంగా ఉంటుంది కనుక, ఏ అంకె ఎవరు, ఎప్పుడు, ఎవరికి నివేదిస్తూ రాశారో పక్కన గుర్తు పెట్టుకోండి. గిలెస్పీతో పాటు కోటలోకి వెళ్లినవారిలో మద్రాసు 7వ కావల్రీ రౌతులు కూడా ఉన్నారన్నది చాలా కథనాలలో ఒక్క పదంతో ముగుస్తుంది.

చిట్టాలో ఒక గడి గుర్రాల కోసం ఉంచండి. రౌతు ఒక్కడి వెనుక ఎంతమంది ఉండేవారో లెక్కిస్తే దళం పరిమాణం మారిపోతుంది. ప్రతి గుర్రానికీ ఒక సైసు (గుర్రాన్ని చూసుకునేవాడు), గడ్డి కోసే మనిషి ఒకరు ఉండేవారు; మద్రాసు ప్రాంతంలో చాలాసార్లు ఆ గడ్డి కోసే పని సైసు భార్యదే. ఉడికించిన ఉలవలు గుర్రాల మేత. వీరి పేర్లు మస్టర్ రోళ్లలో ఉండవు. కొనుగోలు లెక్కలలో, దండుబజారు ఉత్తరువులలో, జీతాల మొత్తాలలో వీరి జాడ దొరుకుతుంది. ఈ పని విసుగ్గా ఉంటుంది, అయినా మానవద్దు.

దేశీయ పక్షపు సాక్ష్యానికి కైఫియ్యత్తులను చూడండి. కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులు, ఇతర సహాయకులు సేకరించిన ఈ గ్రామ వృత్తాంతాలు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది. సైన్యాలు పోయిన దారిలోని గ్రామాలు పంటనష్టాన్నీ, పన్నునూ ఎలా గుర్తు పెట్టుకున్నాయో అందులో వెతకాలి. రెజిమెంటు పేరు అక్కడ దొరకదు, తురకదండు, పరంగిదండు వంటి మాటలు దొరుకుతాయి. ఏది ఏదో మీ మకాముల వరుసతో తేదీలను పోల్చి తేల్చుకోవాలి. సమాధుల కోసం 1905లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సమాధి శాసనాల జాబితాతో మొదలుపెట్టి, ఆ తరువాత శ్మశానానికి వెళ్లడం మంచిది. రాతి మీది అక్షరం చెరిగిపోయినా ఆ జాబితాలో మిగిలి ఉండవచ్చు.

వేలూరు తరువాత కొద్దికాలానికే దళం ఇంగ్లండుకు తిరుగుప్రయాణమైంది. ఇక్కడ చిట్టాను ముగించకండి. దళం వెళ్లిపోయేటప్పుడు, ఇక్కడే ఉండదలచిన సైనికులను దేశంలో మిగిలే దళాలకు మారనివ్వడం, గుర్రాలను ఇక్కడే వదిలిపెట్టడం అప్పటి ఆనవాయితీ. కాబట్టి చివరి హాజరు పట్టీలో పేరు పక్కన బదిలీ గుర్తు కనిపిస్తే, ఆ మనిషి ఏ దళానికి వెళ్లాడో ఆ దళపు తరువాతి పట్టీలో అతని పేరు వెతకండి. గిలెస్పీ కూడా అలాగే వేరే దళంలోకి మారి, 1814లో డెహ్రాడూన్ దగ్గరి నాలాపాణి కోట ముందు మరణించాడు. ఇవన్నీ నమోదైన తరువాత రెజిమెంటు చరిత్రను తెరిచి, మీ వరుసలతో పుట పుటా సరిపోల్చుకోవచ్చు.