ఉగాండా శరణార్థి క్యాంపుల్లో చదువు చెప్పను పోయే మన సీమ పిల్లోళ్లకి

అనంతపురంలో ఎన్జీవోల్లో పనిచేసే పిల్లోళ్లు అన్నా ఆఫ్రికాకి వాలంటీర్‌గా పోతే ఏం చేయాల అని అడుగుతాంటారు, అందుకే రాస్తాండా. నేను చెప్పేది ఉగాండాలోని బిడిబిడి అనే శరణార్థి క్యాంపు గురించి, 2016 జులైలో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో మళ్లీ కాల్పులు మొదలైనాక పారిపోయొచ్చినోళ్ల కోసం ఆ ఆగస్టులో ఉగాండా దాన్ని తెరిచింది, కొన్ని నెలల్లోనే రెండు లక్షల మంది దాటినారు.

యెల్లో ఫీవర్ సూది ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, ఆ కార్డు లేకుంటే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు.

పోయిన వెంటనే బోర్డు దగ్గర నిలబడొద్దు. ఉగాండా టీచర్లతో పాటు యుద్ధంలో ఇల్లు వదిలొచ్చినోళ్లు కూడా అక్కడ పాఠాలు చెప్తాంటారు, ముందు ఒక వారం వాళ్ల క్లాసులో వెనక కూర్చోండి, ఒక్కో గదిలో వంద మంది పైనే ఉంటారు, పిల్లోళ్లతో దక్షిణ సూడాన్ భాషలైన జూబా అరబిక్‌లోనో బారిలోనో మాట్లాడతారు, మన ఇంగ్లీషు వాళ్లకి సగం కూడా ఎక్కదు. ఆ టీచర్‌కి ఏం కావాలో అడిగి అది చేయండి, దిద్దే పేపర్లైనా సరే.

పదహారేళ్లోడిని చిన్నపిల్లోళ్ల పక్కన మూడో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తాడు. వాళ్లకోసమే అక్కడ ఏడేళ్ల ప్రైమరీని మూడేళ్లలో చెప్పే పద్ధతి ఉంది, మన దగ్గర బెంగళూరుకి వలస పోయొచ్చిన పిల్లోళ్లకి బ్రిడ్జి కోర్సు పెట్టినట్ల. మీ నాయన యాడున్నాడు అని మాత్రం ఎవర్నీ అడగొద్దు, వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి.

అన్నిటికన్నా పెద్ద విషయం సాయం ఎవరికి అందుతాంది అనేది. మన ఫ్యాక్షన్ ఊళ్లలో ఒక వర్గం వీధిలోనే బోరేస్తే ఏమవుతాదో మీకు నేను చెప్పక్కర్లా. అక్కడా అంతే, క్యాంపు ఉండే నేల స్థానికులది, వాళ్లూ పేదోళ్లే, శరణార్థులకి మంచి బడి కట్టి వాళ్ల పిల్లోళ్లని చెట్టు కిందే వదిలేస్తే రేపు నీళ్ల దగ్గర, కట్టెల దగ్గర కొట్లాట వస్తాది. అందుకే ఉగాండాలో సాయంలో 30 శాతం చుట్టుపక్కల ఊళ్లకి పోవాలని పెట్టుకున్నారు. మీరు నోటుపుస్తకాలు పంచినా ఆ లెక్క మర్చిపోవద్దు.

రేషన్ ఇచ్చే రోజు ఎప్పుడో పోయిన మొదటిరోజే కనుక్కోండి, ఆ రోజు పెద్దపిల్లలంతా క్యూలో ఉంటారు, మోసుకురావాల కదా, ఆడపిల్లలైతే ఇంట్లో చిన్నోళ్లని చూసుకోవాల, ఆ రోజు పరీక్ష గానీ కొత్త పాఠం గానీ పెట్టొద్దు.