ఫ్యాన్ లేకుండా రాస్‌ప్‌బెర్రీ పై 4ను చల్లబరిచాను

మా పడకగదిలో రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు రాత్రింబవళ్లు చిన్న సర్వర్‌గా పనిచేస్తుంది. దాని బుల్లి ఫ్యాన్ రొద నిద్ర చెడగొట్టడంతో తీసేశాను. పని భారం పెరగగానే ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలు తాకింది. అక్కడి నుంచి బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

పాత సామాన్ల దుకాణంలో ఆంప్లిఫయర్ నుంచి ఊడదీసిన అల్యూమినియం హీట్‌సింక్ (వేడిని రెక్కల ద్వారా గాలిలోకి వదిలే లోహపు పలక) దొరికింది. అసలు చిక్కు ఎత్తులో ఉంది. ప్రాసెసర్ పైభాగం పక్కనున్న యూఎస్‌బీ, నెట్‌వర్క్ సాకెట్ల కంటే చాలా కింద ఉంటుంది, కాబట్టి పైన పెట్టిన హీట్‌సింక్ దాన్ని తాకదు. ఆ ఖాళీలో మందపాటి థర్మల్ ప్యాడ్ (వేడిని మోసే మెత్తని పట్టీ) పెట్టడం నాకు నచ్చదు: మామూలు ప్యాడ్ కంటే అల్యూమినియం పదుల రెట్లు మెరుగ్గా వేడిని మోస్తుంది. అందుకే చిన్న అల్యూమినియం దిమ్మను కోసి, రెండు ముఖాలనూ ఎమెరీ కాగితంపై సమంగా అరగదీసి మధ్యలో ఉంచాను. ఇరువైపులా థర్మల్ పేస్ట్ పలుచగా పూశాను. దాని పని సందుల్లోని గాలిని తొలగించడమే. మందంగా పూస్తే అదే వేడికి అడ్డమవుతుంది. మూలల్లో 2.5 మి.మీ. నైలాన్ మరలు బిగించాను. బోర్డు పిన్నులకు లోహం తగలకుండా వేడిని తట్టుకునే టేపు అంటించడం మాత్రం తప్పనిసరి, లేకుంటే బోర్డే పోతుంది.

తర్వాత మొత్తాన్ని నిలువుగా నిలబెట్టాను. రెక్కలు నిలువుగా ఉంటేనే వేడిగాలి వాటి మధ్య నుంచి పైకి సాగి, కింది నుంచి చల్లగాలి వస్తుంది. పడుకోబెడితే నాలుగైదు డిగ్రీలు పెరుగుతోంది.

ఇప్పుడు అదే భారానికి 60 డిగ్రీల దగ్గర ఆగుతోంది. గది 25 డిగ్రీలున్నప్పటి లెక్క ఇది; మే నెలలో గది 40కి చేరితే మరో 15 కలుపుకోవాలి. అప్పుడూ 80 లోపే.