ఐసియులో మనిషి తికమకగా మాట్లాడతా ఉంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాల

పోయినేడు మా నాయనకు న్యుమోనియా వచ్చి తిరుపతిలో ఒక ఆస్పత్రి ఐసియులో 11 రోజులు ఉండాడు. మూడోరోజు రాత్రి నుంచి గోడమీద చీమలు పాకతా ఉండాయి అనడం, సెలైన్ పైపు పీకడం, నన్ను చూసి ఎవురు నువ్వు అనడం. మా అత్తేమో గాలి సోకింది తాయెత్తు కట్టిద్దాం అనింది. అది గాలీ కాదు పిచ్చీ కాదు, డెలీరియం అంటారు, ఒంట్లో జబ్బు ముదిరినప్పుడు మెదడు పని తడబడతాది, అంతే.

మతిమరుపు జబ్బు మెల్లగా ఏళ్ళ తరబడి వస్తాది, ఇది గంటల్లో రోజుల్లో వచ్చేస్తాది, పొద్దున బాగుండి సాయంత్రానికి తికమక, మళ్ళా కాసేపు మామూలు. అరిచి గోల చేసేవాళ్ళను అందరూ చూస్తారు గాని కిమ్మనకుండా పడుండేవాళ్ళను ఎవురూ చూడరు, వాళ్ళే ఎక్కువ. మా నాయన ఐదోరోజు పలక్కుండా కళ్ళు సగం మూసుకోనుంటే హమ్మయ్య నిదరపోతా ఉండాడు అని మేము సంతోషపడినాము, రెండు రోజులు అట్లే పోయినాయి, ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతాది. ఆఖరికి ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకోని, నేను అక్షరాలు చెప్తా, 'ఆ' అన్నప్పుడల్లా నొక్కు పెద్దాయనా అనింది. పదిట్లో నాలుగు తప్పినాయి. రెండు కంటే ఎక్కువ తప్పితే ధ్యాస నిలబడడం లేదని లెక్క, ఇంకొన్ని ప్రశ్నలు కూడా ఉంటాయి. దీన్ని క్యామ్ ఐసియు అంటారు, 2001లో వచ్చింది, వెంటిలేటర్ మీద మాట్లాడలేని మనిషికి కూడా చేయొచ్చు. డెలీరియం చూసినారా సార్ అని డాక్టర్ని మీరే అడగండి, మొహమాటం వద్దు.

తర్వాత కారణం ఏందని అడగండి. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, రక్తంలో సోడియం, షుగర్ తేడా రావడం, నొప్పి, ఉచ్చ ఆగిపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, ఏదైనా కావచ్చు. మిడజోలం, లోరజిపం లాంటి నిద్ర మందులు దీన్ని పెంచుతాయి, అవసరమా అని అడగొచ్చు. కానీ మనిషికి రోజూ తాగే అలవాటుంటే దాచకుండా చెప్పండి, తాగుడు ఆగిపోయి వచ్చే తికమకకు ఆ ఇంజెక్షన్లే కావాల, దాస్తే ప్రాణం మీదకొస్తాది. హాలోపెరిడాల్ అని గలాటా తగ్గించే మందు ఒకటుంది, అది ఇస్తే డెలీరియం తొందరగా తగ్గిపోదు, మనిషి తనకి తాను దెబ్బ తగిలించుకునేంత గలాటా చేస్తే అప్పటికి వాడతారు.

ఇంక మన చేతిలో ఉండేది, నిజంగా చాలా ఉండాది. కళ్ళద్దాలు, చెవి మిషను, పండ్లసెట్టు ఇంట్లో పెట్టేసి వస్తాము కదా, అవి మొట్టమొదట తీసకపోండి, కనపడక వినపడక మనిషి ఇంకా భయపడతాడు. ఒక గోడ గడియారం కంటికి కనిపించేట్టు పెట్టమనండి. లోపలికి పోయినప్పుడల్లా పేరు పెట్టి పిలిచి, నేను మీ పెద్దపాపను, ఇది తిరుపతి ఆస్పత్రి, ఈరోజు శుక్రవారం, కొండమీద స్వామికి అభిషేకం రోజు, అని నిదానంగా చెప్పండి, రోజుకు పదిసార్లైనా సరే. పగలు కర్టెను తీసి ఎండ పడనీయండి, రాత్రి లైటు తగ్గించి రక్తం తీయడం లాంటివి కుదిరితే పొద్దునకి పెట్టమని బతిమాలండి. డాక్టరు సరే అంటే ఫిజియోథెరపీ వాళ్ళు మంచం అంచున కూర్చోబెడతారు, నడిపిస్తారు, వెంటిలేటర్ మీద కూడా చేస్తారు, భయపడి అడ్డం పడొద్దు.

చీమలు అంటే యాడున్నాయి నీ తలకాయ అని వాదించొద్దు. నాకు కనపళ్ళేదు నాయనా, నేను ఈడే ఉండా అనండి. చేతులు కట్టేస్తే ఇంకా పెనుగులాడతారు, కట్టే బదులు ఒకరు పక్కన కూర్చోని చెయ్యి పట్టుకుంటామని అడిగి చూడండి. పైపులు మాత్రం మీరు ముట్టుకోవద్దు, ఇంటి మాత్రలు వెయ్యొద్దు.

ఇంటికొచ్చినాక కూడా కొన్ని వారాలు రాత్రిళ్ళు తికమక, మాటలు మర్చిపోవడం ఉండొచ్చు, కొందరికి నెలల తరబడి ఉంటాది. రాసి పెట్టుకోని రివ్యూకి పోయినప్పుడు డిశ్చార్జి కాయితంతో పాటు డాక్టరుకు చూపించండి.