రోజూ తుడుస్తున్నా ఇంట్లో జబ్బు చుట్టేస్తోందా? సమస్య - పరిష్కారం

ఇంట్లో ఒకరికి వాంతులు పట్టుకున్నాయంటే ఒకటి రెండు రోజుల్లో ఇంకొకరు మంచమెక్కుతారు. "ఇల్లంతా మందు పెట్టి తుడిచాంగా!" అని వాపోయేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: మందు చల్లాక ఎంతసేపు ఆగారు?

సమస్య: క్రిమిసంహారక మందు వాడుతున్నా ఫలితం లేదు

కారణం: చల్లిన చేత్తోనే తుడిచేస్తున్నారు. క్రిములు చావాలంటే ఆ చోటు కొన్ని నిమిషాలపాటు తడిగా ఉండాలి. ఎన్ని నిమిషాలో సీసా మీదే రాసి ఉంటుంది, కొన్నిటికి 10 నిమిషాలు కూడా పడుతుంది. రెండో కారణం జిడ్డు, మురికి. వాటి మీద పోసిన బ్లీచ్ బలమంతా మురికితోనే ఖర్చైపోతుంది.

పరిష్కారం: ముందు సబ్బునీళ్లతో కడగండి, తర్వాతే మందు. మామూలు బ్లీచ్ ద్రావణం (5 నుంచి 9 శాతం సోడియం హైపోక్లోరైట్) అయితే లీటరు చన్నీళ్లకి 4 టీస్పూన్లు చాలు. ఏ రోజుకారోజు కలుపుకోండి, నిన్నటి నీళ్లకు పస ఉండదు. తిండి తగిలే చోటైతే చివర్లో మంచినీళ్లతో కడిగేయాలి.

ఒక్క మాట మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. బ్లీచ్‌లో యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ గానీ, వెనిగర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా కలిసినా విషవాయువే. రెండు మందులు కలిపితే రెట్టింపు పని చేస్తాయనుకుని బాత్రూమ్ తలుపు మూసుకుని కలిపేవాళ్లున్నారు, తలచుకుంటేనే భయమేస్తుంది. పొరపాటున కలిస్తే అన్నీ అక్కడే వదిలేసి ముందు బయటికి వచ్చేయండి.

సమస్య: తుడిచిన కాసేపటికే వంటింటి బండ మీద ముక్కిపోయిన వాసన

కారణం మీ చేతిలోని మసిగుడ్డే. సింకు అంచున ముద్దగా పడేసిన తడిగుడ్డలో రాత్రికి రాత్రే బాక్టీరియా పెరుగుతుంది. పొద్దున దాంతో తుడిస్తే బండంతా పులిమినట్టే. స్పాంజిదీ అదే కథ.

పరిష్కారం: వంటింటికో గుడ్డ, బాత్రూమ్‌కో గుడ్డ, వేర్వేరు రంగుల్లో పెట్టుకోండి. వాడాక ఉతికి, పరిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన గుడ్డలో క్రిములు అంతగా పెరగవు. మాప్ బకెట్లో నీళ్లు మసకబారాయంటే మార్చేయాల్సిందే. పచ్చి మాంసం తరిగిన పలకకు, కత్తికి మాత్రం ఈ గుడ్డ తగలనివ్వకండి, వాటిని విడిగా సబ్బుతో కడగాలి.

సమస్య: శానిటైజర్ రాసుకుంటున్నా వాంతులు, విరేచనాలు పాకుతున్నాయి

ఇది నోరోవైరస్ కావచ్చు. దాని మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు రాసి, 20 సెకన్లు రుద్ది, పారే నీళ్లతో కడుక్కోవడమే దారి.

వాంతి పడినచోట చీపురు గానీ మాప్ గానీ పెట్టకండి, ఇంకా పాకుతుంది. గ్లౌజులు, మాస్కు వేసుకుని, పాత కాగితాలు కప్పి, పీల్చుకున్నాక మెల్లగా ఎత్తి సంచిలో కట్టేయండి. ఆ చుట్టుపక్కలంతా సబ్బునీళ్లతో కడిగి బ్లీచ్ నీళ్లు పోయండి. ఇక్కడ ఘాటు పెంచాలి, లీటరుకి 100 మి.లీ. వరకు కలపొచ్చు. కనీసం 5 నిమిషాలు ఆగండి, కిటికీలు తెరిచి ఉంచండి. తుంపరలు కంటికి కనపడినంత దూరంలోనే ఆగవు, కాబట్టి మరక కన్నా బాగా వెడల్పుగా శుభ్రం చేయాలి. మురికైన దుప్పట్లు దులపకుండా చుట్టి తీసుకెళ్లి, బట్ట తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఉతకండి.

తగ్గిపోయిందిగా అని మర్నాడే వంటకి దిగొద్దు. కనీసం రెండు రోజులు ఆగాలి. మనిషి కోలుకున్నాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, మలంలో వైరస్ పోతూనే ఉంటుంది.

సమస్య: నేల తళతళలాడుతున్నా జలుబు ఇంటిల్లిపాదికీ

నేలని ఎవరూ ముట్టుకుని ముక్కు తుడుచుకోరు కదా! స్విచ్చులు, తలుపు పిడులు, ఫ్రిజ్ పిడి, రిమోట్, ఫోన్, ఇవీ చేతులు పడే చోట్లు. స్విచ్చుల మీద నేరుగా చల్లకుండా గుడ్డని తడిపి తుడవండి. ఫోన్‌కి 70 శాతం ఆల్కహాల్ వైప్ సరిపోతుంది.

కుళాయిని చాలామంది మరిచిపోతారు. మురికి చేత్తో తిప్పి, చేతులు శుభ్రంగా కడుక్కుని, కట్టేయడానికి మళ్లీ అదే పిడి పట్టుకుంటాం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడు దాన్ని రోజుకి రెండుమూడు సార్లు సబ్బు పెట్టి తోమండి, చేతులు కడిగాక కాగితం ముక్కతో కట్టేయండి.