వార్డులో ముగ్గురు అప్పలరాజులుంటే సిస్టర్లు ఏం చెయ్యాలి

వైజాగ్‌లో ఏ పెద్దాసుపత్రి జనరల్ వార్డులోనైనా "అప్పలరాజూ" అని ఓ కేకేసి చూడండి, ఇద్దరు ముగ్గురు తలెత్తుతారు. ఆడవాళ్ల వార్డులో నూకరత్నాలు, సింహాచలాలు సరేసరి. అందుకే పేషెంట్ సేఫ్టీ అనగానే నేను ముందు చెప్పేది ఇదే, పేరు మీరు అనేయకండి, వాళ్లచేత చెప్పించండి. "మీరు అప్పలరాజేనా?" అన్నారనుకోండి, జ్వరంతో మూలుగుతున్నాయనా తలూపేస్తాడు, చెవులు వినపడని తాతా తలూపేస్తాడు, సిస్టరమ్మ అడిగింది కదా కాదంటే ఏం బాగుంటుందని. "మీ పేరేటి బాబూ, మీ నాన్నగారి పేరేటి?" అని అడిగి, చేతి బ్యాండ్ మీదున్న ఐపీ నంబరుని (ఆసుపత్రిలో చేరినప్పుడిచ్చే నంబరు) కేస్ షీటుతో కలిపి చూస్కోండి. స్పృహ లేకపోతే పక్కనున్న వాళ్లని అడగండి, బ్యాండ్ మాత్రం తప్పక చూడాలి. బెడ్ నంబరుని నమ్ముకోకండి, ఫ్యాన్ గాలి తగల్లేదని రాత్రికి రాత్రే మంచాలు మార్చేసుకుంటారు మనోళ్లు.

శాంపిల్ ట్యూబుకి లేబుల్ కూడా మంచం దగ్గరే అంటించెయ్యాలి, టేబుల్ దగ్గరికెళ్లాక అన్నీ కలిపి రాద్దాంలే అనుకుంటే అక్కడే తారుమారవుతాయి. రక్తం ఎక్కించేముందు ఇద్దరు స్టాఫ్ నిలబడి బ్యాగ్ మీద గ్రూపు, నంబరు, ఎక్స్‌పైరీ పైకి చదవాలి, మొదటి 15 నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలి.

ఇన్సులిన్ దగ్గర ఇంకొంచెం ఆగండి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్‌కి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే దానికి నారింజ మూతది. ఎర్ర మూత సిరంజితో 100 మందుని 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు! షుగర్ ఎంతకి పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. డ్రాయర్లో రెండు రకాలూ కలిపి పడెయ్యకండి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ కూడా డిస్టిల్డ్ వాటర్ పక్కన వద్దు, అది కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

ఫోన్లో ఆర్డరొస్తే రాసుకుని తిరిగి చదివి వినిపించండి, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకలాగే వినపడతాయి కాబట్టి "ఒకటి, ఐదు" అని విడదీసి చెప్పండి. డాక్టరుగారు విసుక్కుంటే విసుక్కోనీండి.

అరకు, పాడేరు వైపు నుంచొచ్చిన వాళ్లలో కొందరికి మన తెలుగు అంత పట్టుబడదు, అలెర్జీ ఉందా అంటే ఊరికే నవ్వుతారు. వాళ్ల భాష వచ్చినోళ్లు ఎవరున్నారో చూసి పిలవండి, ఇంటి దగ్గర వాడే మాత్రల కవరు తెప్పించుకుని అట్టల మీద పేర్లు మీరే చదువుకోండి.