ప్రిన్సిపాలా, ప్రిన్సిపులా? ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయడం ఎలా?

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా తమ్ముడికి బోనస్ వస్తే రెండు లక్షలు హోమ్ లోన్‌కి కట్టాడు. ఆ డబ్బు అసలులో తగ్గించమని బ్యాంకుకు ఇంగ్లీషులో లెటర్ రాసి నాకు చూపించాడు. 'అసలు' అనే అర్థమున్న ప్రిన్సిపల్ ఉండాల్సిన మూడు చోట్లా 'సూత్రం' అనే అర్థమున్న ప్రిన్సిపుల్ పడింది. బెంగళూరు ఆఫీసుల్లో రోజంతా ఇంగ్లీషులోనే రాసేవాళ్ళు కూడా ఇక్కడ పొరబడతారు. ఇంగ్లీషువాళ్ళ ఉచ్చారణలో వినడానికి రెండూ ఒకటే మరి.

ముందుగా, రాయబోయే మాటను తెలుగులో అనుకోండి. అసలు, అధిపతి, ముఖ్యమైన అనే అర్థాల్లో ఏది కుదిరినా చివర పి-ఏ-ఎల్ రాయాలి. సూత్రం, నియమం అనే అర్థం వస్తే పి-ఎల్-ఈ. కాలేజీ ప్రిన్సిపాల్, ప్రభుత్వంలో ప్రిన్సిపల్ సెక్రటరీ మొదటి రకం. ఆర్కిమెడిస్ సూత్రం, మన రాజ్యాంగంలో 36 నుంచి 51 వరకు అధికరణాల్లో ఉన్న ఆదేశిక సూత్రాలు రెండో రకం.

స్పెల్లింగ్ గుర్తుండటానికి మన ఉచ్చారణే సాయం చేస్తుంది. మనం 'ప్రిన్సిపాల్‌గారు' అని దీర్ఘం తీస్తాం కదా, ఆ 'పా'లోనే ఏ అక్షరం ఉంది. 'ఆయన ప్రిన్సిపుల్స్ ఉన్న మనిషి' అన్నప్పుడు పలికే 'పుల్' సింపుల్, టెంపుల్, శాంపుల్ మాటల్లో ఉన్నదే. వాటన్నిటికీ చివర పి-ఎల్-ఈ ఉంటుంది. పిల్లలకు నేను ఇలాగే నేర్పుతాను, మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

ఈ రెండు మాటలూ లాటిన్‌లో 'మొదటి' అనే అర్థమున్న మాట నుంచే పుట్టాయి. మనం 'మొదటికే మోసం వచ్చింది' అన్నప్పుడు కూడా ఆ మొదలు పెట్టుబడే.

హోమ్ లోన్ పేపర్లు మాత్రం జాగ్రత్తగా చూడాలి, అందులో రెండూ ఉంటాయి. లోన్ ఇస్తామని బ్యాంకు ముందుగా ఇచ్చేది సూత్రప్రాయ ఆమోదం, కాబట్టి అక్కడ పి-ఎల్-ఈ. తర్వాత నెలనెలా కట్టే ఈఎంఐలో వడ్డీ పోగా మిగిలేది అసలు, అక్కడ పి-ఏ-ఎల్.

రాయడం అయ్యాక స్పెల్ చెక్‌ను నమ్ముకోకండి. రెండూ సరైన మాటలే కాబట్టి చాలాసార్లు అది ఎర్రగీత పెట్టదు. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆ మాట ఉన్న ప్రతి చోటా ఆగి, తెలుగు అర్థం పెట్టి చూడండి. తమ్ముడి లెటర్‌లో అలా వెతికితే నాలుగోది కూడా దొరికింది, సబ్జెక్ట్ లైన్‌లో.