వానలు వెనుదిరిగాక తీర్థన్ నదిలో ట్రౌట్ వేట: హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో కొర్రమీనుకు గాలం వేసి చేయి తిరిగినవారు హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ వంటి కొండ నదికి వెళ్లినప్పుడు ముందుగా ఆ చెరువు అలవాట్లనే పక్కన పెట్టాలి. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కనుక వెచ్చని నిలవ నీటిలోనూ హాయిగా బతుకుతుంది. తీర్థన్‌లో దొరికే ట్రౌట్ చేపకు ఆ వెసులుబాటు లేదు. నీటిలో కరిగిన ఆక్సిజనే దానికి ఆధారం, ఆ ఆక్సిజన్ చల్లని నీటిలోనే ఎక్కువగా నిలుస్తుంది. నీరు సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు ట్రౌట్ చురుకుగా మేస్తుంది, 20 దాటితే డీలా పడుతుంది. అందుకే ఏ ఫ్లై (ఈకలు, దారాలతో పురుగులా కట్టిన కొక్కెం) కొనాలని అడిగేవారికి ముందు ఒక చిన్న థర్మామీటరు కొనుక్కోమని చెబుతాను.

ప్రయాణానికి సెప్టెంబరు చివరి రోజుల నుంచి అక్టోబరు నెలంతా అనువైన కాలం. నైరుతి రుతుపవనాలు మన దగ్గరకంటే ముందుగానే హిమాచల్‌ను వీడుతాయి కాబట్టి, ఇక్కడ గొడుగులు ఇంకా ఆరకముందే అక్కడ ఆకాశం తేటపడుతుంది. రాత్రి చలి పెరిగి ఎగువన మంచు కరగడం తగ్గడంతో నది క్రమంగా దిగి, బురద రంగు వదిలి, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా మారుతుంది. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు అక్కడ ట్రౌట్ వేట నిషేధం. మిగతా కాలంలోనూ రాష్ట్ర మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి కనుక, ఎన్ని చేపలు, ఎంత పొడవువి ఉంచుకోవచ్చో లైసెన్సు తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

నది ఒడ్డుకు చేరగానే రాడ్ విప్పకుండా పది నిమిషాలు నీటిని చూడాలి. మోకాలి లోతులో మీ పాదాలు మసకగా కనిపిస్తుంటే ఎగువన ఎక్కడో వాన పడిందని అర్థం. అప్పుడు చేపలు ఉధృతిని తప్పించుకొని ఒడ్డు దగ్గరి నెమ్మది నీటిలోకి వస్తాయి కనుక, ముదురు రంగు నింఫ్‌ను (నీటి అడుగున ఉండే పురుగు పిల్లను పోలిన ఫ్లై) కాస్త బరువుగా కట్టి అడుగుకు దగ్గరగా పంపాలి. నీరు అద్దంలా ఉంటే మనకు చేప కనిపించినంత బాగా చేపకు మనమూ కనిపిస్తాం. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది కనుక, దిగువ నుంచి వంగి నడుస్తూ, మన నీడ నీటిమీద పడకుండా దాని వెనుక నుంచి చేరుకోవాలి. 9 అడుగుల రాడ్, 4 లేదా 5 నంబరు లైన్, చివరన ఫ్లైని కట్టే సన్నని దారంగా 5ఎక్స్ టిప్పెట్ ఈ నీటికి సరిపోతాయి.

వేళ విషయంలో మన కోడికూత అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇరుకు లోయలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది, ఉదయం నీరు మరీ చల్లగా ఉండి చేప కదలదు. అక్టోబరులో పది గంటల నుంచి మూడు వరకే అసలు సమయం. ఒడ్డు గడ్డిలో మిడతలు ఎగురుతుంటే మిడత రూపంలో కట్టిన ఫ్లైని గడ్డి అంచునే పడేలా వేయండి. పురుగులేవీ కనిపించకపోతే 14 లేదా 16 సైజు ఫెజెంట్ టెయిల్ నింఫ్ చాలు. డజన్ల కొద్దీ ఫ్లైలు మోసుకెళ్లడం దుకాణదారుకే లాభం.

వేగపు పాయకూ నెమ్మది నీటికీ మధ్య నురుగు సాగే గీతను గుర్తించడమే ఈ విద్యలో సగం. చేప నెమ్మది నీటిలో నిలబడి, పక్కనుంచి కొట్టుకువచ్చే మేతను అందుకుంటుంది. మన ఫ్లై కూడా ఆ నురుగుతో సమానంగా సాగాలి. లైన్‌ను ప్రవాహం ముందుకు లాగేస్తే ఫ్లై ఈడ్చుకుపోయి చేపకు అనుమానం వస్తుంది కనుక, లైన్ నడుమ భాగాన్ని మెల్లగా ఎత్తి ఎగువవైపు వేయాలి. దీనికి నీరు కావాలి గాని, లైన్ విసరడం మాత్రం హైదరాబాద్‌లోనే నేర్చుకోవచ్చు. క్రికెట్ పిల్లలు రాకముందే ఏదైనా మైదానానికి వెళ్లి, కొక్కేనికి బదులు ఊలు ముక్క కట్టి, వెనక్కి విసిరిన లైన్ పూర్తిగా చాచుకున్నాకే ముందుకు విసరడం సాధన చేయండి. గడ్డిలో ఏం పడుతున్నాయని నడకకు వచ్చినవారు అడుగుతారు, ఓర్చుకోవాలి.

తీర్థన్ నది లార్జీ వద్ద బియాస్ నదిలో కలుస్తుంది. 2014 జూన్ 8న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయిన సంగతి మన నగరం మరువలేదు. డ్యామ్ దిగువన నీటిలోకి దిగకండి. తీర్థన్‌లోనూ నీరు అకస్మాత్తుగా మసకబారినా, ఆకులు పుల్లలు కొట్టుకువచ్చినా, చేప గాలానికి ఉన్నా సరే, వెంటనే ఒడ్డెక్కాలి.

శరత్తు ముదిరేకొద్దీ బ్రౌన్ ట్రౌట్ గులకరాళ్లను తోకతో తవ్వి గుడ్లు పెడుతుంది. చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య శుభ్రంగా, లేత రంగులో కనిపించే గులకమేటపై కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. అక్కడ జంటగా ఉన్న చేపలకు గాలం వేయకూడదు. వదిలేయదలచిన చేపను తడి చేతితోనే పట్టుకొని, ముల్లు నొక్కేసిన కొక్కేన్ని నీటిలోనే తీసి, తల ఎగువవైపు ఉండేలా పట్టుకుంటే, మొప్పలు సర్దుకున్నాక అదే వెళ్లిపోతుంది.